చెరువును బట్టి ప్రొపెల్లర్, ప్రొపెల్లర్‌ను బట్టి మోటారు

దేవరయాంజాల్‌లో రేడియో విమానం ఎగరేద్దామనుకునేవాడికి మొదట అడ్డొచ్చేది ఆకాశమే. పక్కనే హకీంపేట వైమానిక స్థావరం. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ గగనతలాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విడగొట్టాయి. ఇలాంటి స్థావరం పొరుగున సరదాకైనా సరే, అనుమతి లేకుండా ఏదీ పైకి లేపడానికి వీల్లేదు. నీటి మీద తిరిగే బోటుకు ఆ పేచీ లేదు. తూంకుంట దగ్గర రాజీవ్ రహదారి ఎక్కి కాస్త ముందుకు పోతే శామీర్‌పేట పెద్ద చెరువు. మేడ్చల్ వైపు తిరిగినా ఊరూరా చెరువో కుంటో ఉంటుంది. నగరం ఉత్తర శివార్లలో రిమోట్ పట్టుకోవాలనుకునే వాళ్లకు ఎలక్ట్రిక్ రేసు బోటు అచ్చంగా సరిపోయే సరదా.

నిజానికి రేడియో నియంత్రణ పుట్టిందే నీటి మీద, అదీ కరెంటుతో నడిచే పడవలో. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జనం ముందు తిప్పి చూపించింది బ్యాటరీతో నడిచే చిన్న బోటునే. అదే ఏడాది నవంబరు 8న దానికి పేటెంటు వచ్చింది. విమానాలు, కార్లు, డ్రోన్లు అన్నీ ఆ తరువాతివే.

ఇప్పుడు మార్కెట్ మాత్రం తిరగబడింది. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించి, విడిభాగాలను మాత్రం వదిలేసింది. దాంతో మోటార్లు, లిథియం బ్యాటరీలు, స్పీడ్ కంట్రోలర్లు అమ్మే దుకాణాలు దేశమంతటా పెరిగాయి. హైదరాబాద్‌లో కూర్చుని ఆర్డర్ పెడితే రెండు మూడు రోజుల్లో ఇంటికొస్తాయి. చిక్కేమిటంటే అవన్నీ గాలి కోసం చేసినవి. బోటు కట్టేవాడు చౌకగా, దగ్గరగా దొరుకుతున్నాయని వాటినే కొంటాడు, చెరువులో ఒక్క చక్కరు కొట్టేలోపు ఏదో ఒకటి పొగలు కక్కుతుంది. ఏ కంపెనీ మోటారు మంచిది అన్న ప్రశ్నతో మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా ఇక్కడే పడతారు. లెక్క మొదలవ్వాల్సింది రెండో కొస నుంచి: ఏ నీళ్లు, ఏ హల్ (పడవ దేహం), ఎంత ప్రొపెల్లర్, ఆ తరువాతే మోటారు.

నీళ్లే మొదటి విడిభాగం

యూరప్, అమెరికాల్లో రాసిన సలహాలు శుభ్రమైన, చల్లని నీటిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన చెరువుల్లో గుర్రపుడెక్క, నాచు, పాలిథిన్ కవర్లు, చేపల వలల దారాలు ఉంటాయి. వీటిలో ఏది ప్రొపెల్లర్‌కు చుట్టుకున్నా మోటారు ఆగిపోతుంది, కరెంటు మాత్రం ఆగదు. ఆ రెండు మూడు సెకన్లలోనే కంట్రోలర్ మాడిపోతుంది. ఎండాకాలం చెరువు పైపొర నీళ్లు 30 డిగ్రీలు దాటి ఉంటాయి కాబట్టి ఆ నీటితో చల్లబరిచే మోటారు, కంట్రోలర్ల మీద విదేశీ అంచనాలను కాస్త తగ్గించి వేసుకోవాలి.

అలలది ఇంకో లెక్క. నౌకల నమూనాలను నీటిలో లాగి పరీక్షించే శాస్త్రానికి 1870ల్లో పునాది వేసిన విలియం ఫ్రూడ్ చెప్పిన సూత్రం ఒకటుంది: పొడవు ఎన్ని రెట్లు తగ్గితే, వేగం దాని వర్గమూలం మేరకే తగ్గించి పోల్చాలి. విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో నౌకా నమూనాల పరీక్షలకూ ఆధారం ఇదే. ఈ లెక్కన 70 సెంటీమీటర్ల బోటు గంటకు 70 కిలోమీటర్లు పోతే, ఏడు మీటర్ల అసలు పడవ 220 కిలోమీటర్ల వేగంతో పోయినట్టు. మధ్యాహ్నం గాలికి శామీర్‌పేట చెరువులో లేచే జానెడు అల మనకు అలలాగే కనబడదు, బోటుకు మాత్రం అది గోడ. అందుకే రేసు బోటు తిప్పేవాళ్లు గాలి లేవకముందే, పొద్దున్నే కట్ట మీదికి చేరతారు.

హల్: మూడు రకాలు, మూడు స్వభావాలు

మోనో అంటే అడుగు వి ఆకారంలో ఉండే ఒంటి పడవ. అడుగున నడిమి గీత అయిన కీల్ నుంచి రెండు పక్కలకూ ఇరవై డిగ్రీల దాకా వాలు ఉంటుంది. అలను కోసుకుంటూ పోతుంది. బోల్తా పడ్డా, పై మూత ఆకారం సరిగా ఉండి, ఒక పక్క నీళ్లు నిండే అర ఉన్న కొన్ని మోనోలు తమంతట తామే తిరగబడి లేస్తాయి. వేగంలో మిగతా రెంటి కంటే వెనక.

కాటమరాన్‌కు రెండు సన్నటి దేహాలు, మధ్యలో సొరంగం. వేగం పెరిగేకొద్దీ సొరంగంలో గాలి ఒత్తుకుని పడవను పైకి లేపుతుంది. మలుపుల్లో నిలకడగా ఉంటుంది, బ్యాటరీలు పెట్టుకోవడానికి చోటు ఎక్కువ. గాలి ఎదురుగా కొడితే అదే సొరంగం పడవను వెల్లకిలా పడేస్తుంది, పడ్డాక లేవడం దాదాపు ఉండదు.

మూడోది హైడ్రోప్లేన్. ముందు రెండు తేలుడు బిళ్లలు, వెనక ప్రొపెల్లర్, ఈ మూడు చోట్లే నీటిని తాకుతుంది. అన్నింటికంటే వేగం దీనిదే. నునుపైన నీళ్లు లేకపోతే మాత్రం అన్నింటికంటే పనికిరానిది కూడా ఇదే. ఔట్‌బోర్డ్ తగిలించే టన్నెల్ హల్ అని నాలుగోది ఉంది కానీ దాని సామాను మన దగ్గర దొరకడం కష్టం.

అనుభవం ఉన్నవాళ్లలో ఇక్కడ రెండు వర్గాలున్నాయి. కాటమరాన్ తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి నేర్చుకునేవాడికి అదే మేలని ఒకరంటారు. బోల్తా పడితే ఎవరు పోయి తెస్తారని ఇంకొకరు అడుగుతారు. మన చెరువులకు రెండోవాళ్ల ప్రశ్నే బరువైనది. బోటును తెచ్చుకోవడానికి అసలు పడవ లేకుండా ఒడ్డున నిలబడి ఆడేవాడికి 65 నుంచి 75 సెంటీమీటర్ల మోనో తగినది. హల్‌ను ఫైబర్‌గ్లాస్‌తో ఇంట్లోనే పోసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. థర్మోకోల్ అచ్చు మీద పాలియెస్టర్ రెజిన్ పూస్తే అందులోని స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. ఆ పనికి ఎపాక్సీయే వాడాలి, లేదా అచ్చు మీద ముందు ప్యాకింగ్ టేపు చుట్టేయాలి.

హల్ ఏదైనా బరువు కేంద్రం వెనక అంచు నుంచి మొత్తం పొడవులో దాదాపు 30 శాతం దగ్గర పడేలా లోపలి సామాను సర్దుకోవాలి. ఇది కాగితం మీద ముందే వేసుకుంటే బ్యాటరీ ఎంత పొడవుది కొనాలో అప్పుడే తేలుతుంది.

ప్రొపెల్లర్ దగ్గర తేలే లెక్క

రేసు బోటు ప్రొపెల్లర్ పూర్తిగా మునిగి తిరగదు. సగం నీటిలో, సగం గాలిలో ఉంటుంది. దీనికి పదునైన అంచులు, ఎక్కువ పిచ్ కావాలి. పిచ్ అంటే జారుడు లేకుండా ఒక్క చుట్టుకు ముందుకు నెట్టే దూరం. అమెరికాలోని ఆక్టూరా కంపెనీ పెట్టిన అంకెల పద్ధతి ఈ రంగంలో అందరి నోటా ఉంటుంది. ఎక్స్442 అంటే వ్యాసం 42 మిల్లీమీటర్లు, పిచ్ దానికి 1.4 రెట్లు. అంటే దాదాపు 59 మిల్లీమీటర్లు.

ఇప్పుడు లెక్క వేద్దాం. నాలుగు సెల్‌ల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నామమాత్రపు వోల్టేజీ 14.8. మోటారు 2030 కేవీ, అంటే వోల్టుకు 2030 చుట్లు. రెండూ హెచ్చిస్తే నిమిషానికి సుమారు 30,000 చుట్లు. నీళ్లలో బరువు పడ్డాక దానిలో 80 శాతం నిలుస్తుందనుకుంటే 24,000. దాన్ని 59 మిల్లీమీటర్లతో హెచ్చిస్తే గంటకు 85 కిలోమీటర్లు. నీటిలో జారుడు 15 శాతం తీసేస్తే 72. మామూలు ఔత్సాహికుడికి ఇది చాలా ఎక్కువ వేగం.

అసలు కీలకం వేగంలో కాదు, కరెంటులో ఉంది. చుట్లు 10 శాతం పెరిగితే ప్రొపెల్లర్ తాగే శక్తి మూడో వంతు పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం ఘనంతో పెరుగుతుంది. వ్యాసం ఇంకా కఠినం. అదే ఆకారంలో 40 మిల్లీమీటర్ల నుంచి 42కి పోతే శక్తి పావు వంతుకు పైగా ఎక్కువ కావాలి. చూడ్డానికి తేడా కూడా తెలియని రెండు మిల్లీమీటర్లు 80 ఆంపియర్లను 100 చేసేస్తాయి. కంట్రోలర్ కాలిందని కంపెనీని తిట్టే సందర్భాల్లో చాలావాటికి మూలం ఈ రెండు మిల్లీమీటర్లే. అందుకే కొత్త బోటుకు ఎప్పుడూ లెక్కలో తేలినదానికంటే ఒక సైజు చిన్న ప్రొపెల్లర్‌తో మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కాలి.

పదార్థంలో మూడు దారులు. ప్లాస్టిక్‌ది చౌక, పదును పెట్టనక్కర్లేదు, పెద్ద మోటారు మీద వంగుతుంది. సీఎన్‌సీలో కోసిన అల్యూమినియంది తయారుగా వస్తుంది, రాయి తగిలితే అంచు పోతుంది. బెరీలియం రాగి పోతవి అన్నింటికంటే గట్టివి, కానీ వచ్చినప్పుడు మొద్దుగా ఉంటాయి. రెక్కల వెనక వైపు ఆకురాయితో, ఆ తరువాత సన్న ఎమరీ కాగితంతో గీకి, ముందు అంచు వేలికి కోసుకునేంత పదును చేయాలి. తరువాత సన్నని ఇరుసు మీద పెట్టి వదిలితే బరువైన రెక్క కిందికి దిగుతుంది. ఆ రెక్క వెనక మాత్రమే రవ్వంత రవ్వంత గీకుతూ, ఎక్కడ వదిలితే అక్కడే నిలబడేదాకా చేయాలి. బెరీలియం ధూళి ఊపిరితిత్తులకు విషం కాబట్టి ఈ పనంతా తడిపి చేయాలి, ముఖానికి తగిన మాస్కు ఉండాలి, ఇంట్లో పిల్లలున్న గదిలో చేయకూడదు. అంత జాగ్రత్త కుదరనివాళ్లు అల్యూమినియంతో సరిపెట్టుకోవడమే తెలివి.

మోటారు: డ్రోన్ మోటారు ఎందుకు కుదరదు

డ్రోన్ మోటారు ఔట్‌రన్నర్. దాని పైడొప్ప తిరుగుతుంది, గాలి దాని చుట్టూ ఆడుతూ చల్లబరుస్తుంది. మూతపెట్టిన బోటులో గాలి ఆడదు, తిరిగే డొప్పకు నీటి గొట్టం చుట్టలేం. బోటుకు కావాల్సింది ఇన్‌రన్నర్: డొప్ప కదలకుండా లోపలి ఇరుసు తిరిగేది. దాని మీద అల్యూమినియం జాకెట్ బిగించి నీళ్లు పారిస్తే వేడి పోతుంది. ఔట్‌రన్నర్‌తోనూ బోట్లు నడిపినవాళ్లున్నారు. చిన్న సైజుల్లో, తక్కువ వేగానికి అది చెల్లుతుంది, రేసుకు చెల్లదు.

70 సెంటీమీటర్ల మోనోకు 36 మిల్లీమీటర్ల వ్యాసం, 56 నుంచి 74 మిల్లీమీటర్ల పొడవు, నాలుగు పోల్‌ల ఇన్‌రన్నర్ సరిపోతుంది. కేవీ ఎంచుకోవడానికి ఒకే కొలత గుర్తుంటే చాలు. వోల్టేజీని కేవీతో హెచ్చిస్తే బరువు లేనప్పుడు 28,000 నుంచి 35,000 మధ్య రావాలి. నాలుగు సెల్‌లకు 2000 దగ్గర, ఆరు సెల్‌లకు 1450 దగ్గర కేవీ అంటే ఆ మధ్యలోనే పడుతుంది. కార్ల కోసం చేసిన 3500 కేవీ మోటారును నాలుగు సెల్‌లకు తగిలిస్తే 50,000 దాటుతుంది. అది ప్రొపెల్లర్‌ను తిప్పదు, నీళ్లను నురుగ చేస్తుంది, మధ్యలో తాను కాలుతుంది.

పొడుగు మోటారా, పొట్టి మోటారా అన్న వాదనలో పొడుగుదాని పక్షమే గెలుస్తుంది. ఒకే పని చేసినా అది తక్కువ వేడెక్కుతుంది. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే శక్తి కోల్పోవడం మొదలుపెడతాయి, మళ్లీ చల్లారినా ఆ శక్తి పూర్తిగా తిరిగి రాదు. మన ఎండల్లో ఆ 80కి చేరే దూరం తక్కువ.

కంట్రోలర్, నీటి గొట్టం

స్పీడ్ కంట్రోలర్‌ను అందరూ ఈఎస్‌సీ అనే అంటారు. బోటుకు నీటి గొట్టాలు ఉన్న మెరైన్ రకమే కొనాలి. హాబీవింగ్ వాళ్ల సీకింగ్ వరస ఎక్కువమంది వాడేది. పైన చెప్పిన బోటుకు 120 ఆంపియర్లది కనీసం. లెక్కలో 80 వస్తే 80 ఆంపియర్లది కొనడం పొదుపు కాదు. మలుపులో, అలలో, నాచు తగిలినప్పుడు లెక్కకు ఒకటిన్నర రెట్లు లాగుతుంది.

వైర్ల పొడవు విషయం చాలామంది వదిలేస్తారు. మోటారుకూ కంట్రోలర్‌కూ మధ్య వైరు కాస్త పొడుగైనా పెద్దగా నష్టం లేదు. బ్యాటరీకీ కంట్రోలర్‌కూ మధ్య వైరు పొడుగైతే వోల్టేజీ ఎగసి పడి కంట్రోలర్‌లోని కెపాసిటర్లు ఉబ్బి పేలతాయి. బ్యాటరీ స్థానం మార్చాల్సి వచ్చినా, అటు వైరు మాత్రం పెంచొద్దు. తప్పదనుకుంటే కంట్రోలర్ పక్కనే అదనపు కెపాసిటర్లు అతికించాలి.

నీళ్లు చుక్కాని దగ్గరి చిన్న రంధ్రంలోంచి ఎక్కి, ముందు కంట్రోలర్‌ను, తరువాత మోటారు జాకెట్‌ను చుట్టి, పక్కనున్న ముక్కులోంచి బయటికి చిమ్మాలి. ఒడ్డు నుంచి చూస్తున్నప్పుడు ఆ ధార కనబడుతోందా అన్నదే కళ్లు వెతకాల్సింది. ధార ఆగిందంటే రంధ్రంలో బురద చేరిందనే అర్థం, వెంటనే బోటును ఒడ్డుకు తిప్పాలి. మొదటి పరుగు ఒక్క నిమిషమే. ఆపి, మూత తీసి, ఒక్కొక్కటీ ముట్టుకోవాలి. ఐదు సెకన్లు వేలు పెట్టి ఉంచలేకపోతే 60 డిగ్రీలు దాటినట్టే. ఆ లెక్కన ప్రొపెల్లర్ పెద్దదయింది.

బ్యాటరీ

లిపో సెల్ నిండితే 4.2 వోల్టులు, ఖాళీ అయ్యేసరికి 3.0కి దిగితే చెడిపోతుంది. ఉన్నదాంట్లో 80 శాతమే వాడుకోవాలి. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌లో చేతికొచ్చేది 4000. సగటున 60 ఆంపియర్లు లాగే బోటుకు అది సరిగ్గా నాలుగు నిమిషాలు. రిమోట్‌లో టైమర్ మూడున్నర నిమిషాలకు పెట్టుకుంటే తిరిగి ఒడ్డు చేరడానికి మిగులుతుంది.

సామర్థ్యానికి ఎన్ని రెట్ల కరెంటు ఇవ్వగలదో చెప్పే సీ రేటింగ్ మీద నమ్మకం ఎంత ఉండాలన్నది పాత తగవు. 5000 ఎంఏహెచ్, 50 సీ అంటే కాగితం మీద 250 ఆంపియర్లు. వాస్తవంలో దానిలో సగం వస్తే అదృష్టం. నమ్మదగిన కొలత బరువు. ఒకే సామర్థ్యం రాసున్న రెండు ప్యాక్‌లలో బరువైనదే సాధారణంగా ఎక్కువ కరెంటు ఇస్తుంది.

నాలుగు సెల్‌లా, ఆరా? 1200 వాట్లకు నాలుగు సెల్‌ల మీద 80 ఆంపియర్లు కావాలి, ఆరు మీద 54 చాలు. వైర్లలో వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆరు సెల్‌ల బోటులో ఆ వేడి సగానికంటే తక్కువ. వేడి ప్రదేశాలకు ఆరు సెల్‌లే మేలన్న వాదనలో బలం ఉంది. కానీ ఆరు సెల్‌ల ప్యాక్ పొడవు, ధర, దానికి తగిన కంట్రోలర్ ధర అన్నీ పెరుగుతాయి. మొదటి బోటుకు నాలుగే మేలు. అదీ ఒకే ముద్దగా కాక రెండు సెల్‌ల ప్యాక్‌లు రెండు తీసుకుని శ్రేణిలో కలిపితే, కీల్‌కు అటొకటి ఇటొకటి పెట్టి, ప్రొపెల్లర్ తిరుగుడు వల్ల వచ్చే ఒరుగును సర్దుకోవచ్చు.

మే నెల ఎండలో కారు డిక్కీలో లిపోలు వదిలేయడమంత ప్రమాదం ఇంకోటి లేదు. ఇంట్లోనూ సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర, మట్టికుండలోనో ఇనప డబ్బాలోనో ఉంచాలి.

షాఫ్ట్, బాలానగర్ లేత్

మోటారు నుంచి ప్రొపెల్లర్‌కు శక్తిని మోసేది ఫ్లెక్స్ కేబుల్: పొరలు పొరలుగా పేనిన ఉక్కు తీగ. ఇత్తడి గొట్టంలో, దానిలోపల టెఫ్లాన్ గొట్టంలో తిరుగుతుంది. బరువు పడితే ఈ కేబుల్ కాస్త పొట్టిదవుతుంది. అందుకే గొట్టం వెనక కొసను పట్టే స్ట్రట్‌కూ ప్రొపెల్లర్‌ను పట్టే డ్రైవ్ డాగ్‌కూ మధ్య మూడు మిల్లీమీటర్ల సందు వదలాలి. వదలకపోతే అవి రెండూ ఒరుసుకుని కరెంటంతా రాపిడికే పోతుంది. ఆట ముగిసిన ప్రతిసారీ కేబుల్ బయటికి లాగి, తుడిచి, నీటికి కరగని గ్రీజు పట్టించాలి. చెరువు నీటిలో ఒక్క వారం వదిలేస్తే తుప్పు పట్టి మధ్యలో తెగుతుంది.

స్ట్రట్, చుక్కాని బ్రాకెట్, మోటారు మౌంట్, ఇత్తడి బుష్‌లు దిగుమతి చేసుకోవాల్సిన పని లేదు. బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల్లో ఏ లేత్ షాపుకు నమూనా తీసుకెళ్లినా చేసిస్తారు. 1968 నుంచి టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ ఉన్న చోటు బాలానగర్, పనితనానికి కొదవ లేదు. మోటారు ఇరుసును కేబుల్‌తో కలిపే కప్లర్ ఒక్కటి మాత్రం కొన్నదే వాడటం మంచిది. నిమిషానికి 30,000 చుట్ల దగ్గర రంధ్రం వెంట్రుకవాసి పక్కకు జరిగినా మోటారు బేరింగులు పాడవుతాయి. కొనలేని పక్షంలో టర్నర్‌తో ఒక మాట ముందే చెప్పాలి: రంధ్రం, బయటి వ్యాసం రెండూ ఒకే బిగింపులో తీయాలి, ముక్కను చక్‌లోంచి విప్పి మళ్లీ బిగించకూడదు. గొట్టాలు, బోల్టులకు రాణిగంజ్, కనెక్టర్లు, వైర్లకు కోఠీ గుజరాతీ గల్లీ ఉండనే ఉన్నాయి.

రేడియో, తేలుడు

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు 2005లోనే లైసెన్సు మినహాయింపు వచ్చింది, కాబట్టి మామూలు రిమోట్‌కు ఏ కాగితమూ అక్కర్లేదు. అయితే ఈ తరంగాలను నీళ్లు మింగేస్తాయి. రిసీవర్ యాంటెన్నా కొస మూత పైకి, సన్న ప్లాస్టిక్ గొట్టంలో నిటారుగా నిలబడాలి. కార్బన్ ఫైబర్ హల్ అయితే తప్పనిసరి, ఎందుకంటే కార్బన్ కూడా తరంగాలను అడ్డుకుంటుంది. సిగ్నల్ తెగితే థ్రాటిల్ సున్నాకు పడేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, ఒడ్డున రిమోట్ ఆపి పరీక్షించాకే బోటు నీటిలో దించాలి. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతూ పదునైన రెక్కలు తిరుగుతున్న వస్తువు అదుపు తప్పితే అది బొమ్మ కాదు.

హల్ ఖాళీల్లో తేలే ఫోమ్ కూరితే నీళ్లు నిండినా మునగదు. ఆగిపోయిన బోటును లాగడానికి గాలపు కర్ర, దాని దారానికి కట్టిన టెన్నిస్ బంతి చాలామంది వాడే ఉపాయం. బోటును దాటి విసిరి మెల్లగా చుట్టుకోవాలి. చెరువులో చేపలు పట్టేవాళ్లతో ముందే మాట్లాడుకుంటే వలలెక్కడున్నాయో తెలుస్తుంది, అవసరానికి పుట్టీ కూడా దొరుకుతుంది. చలికాలం వలస పక్షులు వాలిన వైపు పోకుండా ఉండటం మర్యాద.

చివరికి ఏం కొనాలి

పైవన్నీ కూడితే ఈ ప్రాంతానికి మొదటి బోటు రూపం ఇలా తేలుతుంది: 70 సెంటీమీటర్ల ఫైబర్‌గ్లాస్ మోనో, 40 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్రొపెల్లర్, 36 మిల్లీమీటర్ల 2000 కేవీ ఇన్‌రన్నర్, 120 ఆంపియర్ల మెరైన్ ఈఎస్‌సీ, రెండు సెల్‌ల 5000 ప్యాక్‌లు రెండు, లేత్‌లో చేయించిన లోహపు సామాను. డబ్బు కలిసిరాని పక్షంలో తగ్గించాల్సింది రిమోట్ మీద, హల్ రంగుల మీద. కంట్రోలర్ మీదా బ్యాటరీ మీదా కాదు.

దీన్ని మించిన పొదుపు ఒకటుంది: అందరూ ఒకే కొలతకు కట్టుబడటం. అమెరికాలో నాంబా సంఘం పీ లిమిటెడ్ అనే తరగతిలో నాలుగు సెల్‌లకు మించకూడదని, మోటారు ఆమోదించిన జాబితాలోంచే ఉండాలని నిబంధన పెట్టింది. యూరప్‌లో నవిగా సంఘం కొన్ని తరగతులకు బ్యాటరీ బరువు మీదే పరిమితి పెట్టింది. డబ్బున్నవాడు పెద్ద మోటారుతో గెలవడం ఆగింది, పోటీ చెయ్యి తిరిగినవాళ్ల మధ్యకు వచ్చింది. శామీర్‌పేట, మేడ్చల్ చుట్టుపక్కల ఆసక్తి ఉన్న నలుగురైదుగురు కలిసి ఒకే హల్, ఒకే మోటారు, ఒకే ప్యాక్ అనుకుంటే ఒకరి దగ్గర కాలిన ముక్కకు ఇంకొకరి దగ్గర జత దొరుకుతుంది, కప్లర్లు పది ఒకేసారి చేయిస్తే టర్నర్ ధర తగ్గిస్తాడు, ఏ ప్రొపెల్లర్‌కు ఎంత వేడెక్కిందో అందరి లెక్కా ఒకచోట చేరుతుంది. విడిభాగాలు ఎంచుకోవడం ఒంటరిగా చేస్తే జూదం, పదిమంది ఒకే కొలతకు కట్టుబడి చేస్తే లెక్క.